ఆర్స్ గ్రామపు విచారణ గురువు

ఒక దేవాలయమును, దానిని ఆశ్రయించియున్న పల్లెలను, ఆ పల్లెలలోని కుటుంబములను కలిపి తెలుగునాట కతోలికులు విచారణ అని వ్యవహరింతురు. ఆ దేవాలయమునకు బాధ్యుడైన గురువు విచారణ గురువు. విచారించుట యనగా కుశలమడుగుట, బాగోగులు కనుగొనుట. ఫ్రెంచి భాషలో అట్టి గురువును క్యూరే అందురు. ఆ మాటకు మూలమైన కూరా యను లాటిన్ పదమునకును శ్రద్ధ, సంరక్షణ అనియే అర్థము. సముద్రములకు ఆవలి భాషయు, మన భాషయు ఒకే బాధ్యతకు ఒకే భావము గల పేరు పెట్టుట విశేషము. ఆ పేరును సార్థకము చేసినవారిలో అగ్రగణ్యుడు పునీత జాన్ మరియ వియాన్ని. ఆయన మహాగ్రంథములు వ్రాయలేదు. రాజాస్థానములలో మంత్రాంగము నెరపలేదు. దూరదేశములకు పోయి మత ప్రచారము చేయలేదు. 230 మంది జనము గల ఒక కుగ్రామములో 41 సంవత్సరములు గుడి తలుపులు తెరచియుంచి, వచ్చినవారి మాట వినుచు కూర్చుండెను. ఆ కూర్చుండుటయే ఆయన చరిత్ర.

ఆయన 1786 మే 8వ తేదీన, ఫ్రాన్సు దేశములోని లియోన్ నగరమునకు సమీపమున దార్దియీ యను పల్లెలో జన్మించెను. తండ్రి మాత్యూ వియాన్ని సేద్యగాడు. తల్లి మరియ బెలూజ్ భక్తురాలు. ఆరుగురు సంతానములో జాన్ నాల్గవవాడు. సంపన్న కుటుంబము కాకపోయినను, బాటసారులకు, భిక్షుకులకు ఆ యింట రాత్రిపూట ఇంత సూపు, పండుకొనుటకు గడ్డిపరుపు దొరకుచుండెను. ఆ పేదలను పొయ్యి దగ్గరకు పిలుచుకొని వచ్చుట చిన్నవాడైన జాన్‌కు ఇష్టమైన పని. పొలములో గొఱ్ఱెలను, ఆవులను కాయుట ఆయన మొదటి ఉద్యోగము.

బాలునికి మూడేండ్లు నిండిన పిమ్మట ఫ్రెంచి విప్లవము చెలరేగెను. 1790లో ప్రభుత్వము గురువులందరిని తన అధికారమునకు లోబరచుచు ఒక శాసనము చేసి, దానికి కట్టుబడుదుమని ప్రమాణము చేయుమనెను. చేయనివారు దేశద్రోహులుగా ఎంచబడిరి. గుళ్ళు మూతపడెను. గంటలు మూగవోయెను. ప్రమాణము నిరాకరించిన గురువులు వడ్రంగులుగా, వంటవారుగా వేషములు వేసికొని ఊరూర తిరుగుచు, రాత్రివేళ ఎవరియింటనో ధాన్యపు కొట్టములలో దివ్యబలిపూజ జరుపుచుండిరి. వియాన్ని కుటుంబము చీకటిలో కోసుల దూరము నడచి ఆ పూజలకు పోవుచుండెను. 1799లో గడ్డికోతల దినములలో ఎక్యులీ గ్రామమున జాన్ ప్రథమ దివ్యసత్ప్రసాదమును స్వీకరించెను. ఒక యింటి గదిలో కిటికీ తలుపులు బిగించి, లోపలి దీపపు వెలుగు వీథిలోనికి కనబడకుండ, బయట గడ్డిబండ్లను అడ్డముగా నిలిపి, ఆ పూజ జరిపిరి. పూజ యనునది ప్రాణమునకు తెగించి చేయు పనియని ఆ బాలుడు పదమూడేండ్లకే గ్రహించెను. తాను గురువు కావలెనను కోరిక ఆయనలో అంకురించినది ఆ కాలముననే.

కోరిక కలిగినది గాని దానికి వలసిన చదువు లేదు. విప్లవ కాలములో పల్లెబడులు కూడ సరిగా సాగలేదు. ఏవో కొన్ని శీతకాలములలో చదివిన చదువు తప్ప జాన్‌కు విద్య అబ్బలేదు. పొలము పనికి మనిషి తక్కువ యగునని తండ్రి చాలకాలము అంగీకరింపలేదు. తుదకు 1806 ప్రాంతమున, ఇరువదియేండ్ల వయసున, ఆయన ఎక్యులీలోని బాలే గురువుగారి చిన్న పాఠశాలలో చేరెను. తోడి విద్యార్థులు తనకంటె ఎంతో చిన్నవారు. వారు ఒకసారి విని ఒప్పగించు లాటిన్ పాఠము ఆయనకు పదిసార్లు వల్లించినను నిలుచుట లేదు. నాగలి పట్టిన చేతికి కలము బరువైనది. నిరాశచెంది, ఇంటికి పోయెదనని ఒక దశలో ఆయన అనుకొనెను. బాలే గురువు పోనీయలేదు. ఆ శిష్యునిలో జ్ఞాపకశక్తి కొరవడినను, ధర్మాధర్మ వివేకము కొరవడలేదని గుర్తించిన మొదటి ఉపాధ్యాయుడు ఆయనయే.

ఇంతలో 1809లో వేరొక విపత్తు వచ్చెను. నెపోలియన్ యుద్ధములకు యువకులను బలవంతముగా సైన్యములో చేర్చుకొనుచుండిరి. గురువిద్యార్థులకు మినహాయింపు ఉండినను ఆ జాబితాలో జాన్ పేరు లేకపోయెను. సైన్యములో చేరిన వెంటనే ఆయన జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యెను. కోలుకొనుచున్న దినములలో, దండు బయలుదేరవలసిన సమయమున గుడిలో ప్రార్థన చేయుచు వేళ మించిపోనిచ్చెను. దండును వెదకుచు పోవుచుండగా ఒక యువకుడు త్రోవ చూపెదనని చెప్పి, ఆయనను కొండల మధ్యనున్న నోయె యను గ్రామమునకు కొనిపోయెను. అది సైన్యమునుండి పారిపోయినవారు తలదాచుకొను చోటు. అచ్చట మారుపేరుతో, ఒక విధవరాలి యింట ఆశ్రయము పొంది, పొలము పనులు చేయుచు, పిల్లలకు అక్షరములు నేర్పుచు ఆయన ఏడాదికి పైగా గడపెను. 1810లో నెపోలియన్ వివాహ సందర్భమున క్షమాభిక్ష ప్రకటింపబడినది. తమ్ముడు ఆయనకు బదులుగా సైన్యమున చేరుటకు సమ్మతించెను. జాన్ ఇంటికి చేరిన కొలది వారములకే, 1811 ఫిబ్రవరిలో, తల్లి మరణించెను. ఆమె పేరు తలచినప్పుడెల్ల కన్నీరు పెట్టుకొనుట ఆయనకు జీవితాంతము పోలేదు.

1812లో వెరియేర్ విద్యాలయమునకును, మరుసటి యేడు లియోన్‌లోని పెద్ద గురువిద్యాలయమునకును ఆయన పోయెను. అచ్చట పాఠములన్నియు లాటిన్‌లోనే. పాఠము అర్థముకానివాడు ప్రశ్నకు బదులేమి చెప్పగలడు? కొలది నెలలకే అధికారులు ఆయనను ఇంటికి పంపివేసిరి. బాలే గురువు మరల తన యింట కూర్చుండబెట్టి ఫ్రెంచి భాషలో పాఠములు చెప్పెను. పండితుల యెదుట లాటిన్‌లో జరిగిన పరీక్షలో శిష్యుడు మరల తడబడెను. పరీక్షకులను తన యింటికే రప్పించి, మాతృభాషలో ప్రశ్నలు అడుగుడని బాలే వేడుకొనెను. అప్పుడు ఆయన చెప్పిన సమాధానములు వారికి తృప్తి కలిగించినవి. మేత్రాసన పరిపాలనాధికారి ఈ యువకుడు భక్తిపరుడేనా యని మాత్రమే అడిగి, అవునని తెలిసికొని, మిగిలిన లోపము దైవకృప పూరించునని తలచి, అనుమతి ఇచ్చెను. ప్రశ్న అడిగిన భాష మారినంతనే మందమతి యనబడిన విద్యార్థి వివేకి యాయెను. ఉపాధ్యాయులు మరువరాని ఘట్టమిది.

1815 ఆగస్టు 13వ తేదీన గ్రెనోబ్ల్ నగరములో ఆయనకు గురుపట్టాభిషేకము జరిగెను. వాటర్లూ యుద్ధము ముగిసి రెండు నెలలు కాలేదు. విదేశీ సైనికులు దారులన్నియు నిండియుండిరి. బంధువులు లేరు, మేళతాళములు లేవు. వేసవి యెండలో నూరు కిలోమీటర్ల దారిలో ఒంటరిగా నడచిపోయి, అభిషిక్తుడై, ఒంటరిగానే తిరిగివచ్చెను. ఎక్యులీలో బాలే గురువునకే సహాయకుడుగా నియమింపబడెను. ప్రజల పాపసంకీర్తనము వినుటకు మాత్రము తొలుత ఆయనకు అధికారము ఈయలేదు. చదువు చాలనివాడు ఇతరుల మనస్సాక్షికి ఏమి దారి చూపగలడని సంశయము. రాబోవు కాలమున ఆ పనికొరకే ఫ్రాన్సు దేశమంతయు తన వాకిట నిలుచునని నాడు ఎవరికిని తెలియదు.

1817 డిసెంబరులో బాలే గురువు మరణించెను. మరుసటి ఫిబ్రవరిలో, 1818లో, వియాన్నిని ఆర్స్ గ్రామమునకు పంపిరి. లియోన్‌కు ఉత్తరముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున, చెరువులు, బురదనేలలు గల దోంబ్ పీఠభూమిలో నలుబది గడప గల పల్లె అది. మట్టిగోడల యిండ్లు. నడుమ ఒక చిన్న గుడి. ఆయన కాలినడకన వచ్చుచుండగా పొగమంచులో త్రోవ తప్పెను. గొఱ్ఱెలను కాయుచున్న ఒక బాలుడు దారి చూపెను. ప్రతిగా తాను ఆ పిల్లవానికి పరలోకమునకు దారి చూపెదనని గురువు మాట యిచ్చెనని ప్రసిద్ధి. వారిరువురు కలిసికొన్న చోట నేడు ఒక స్మారక విగ్రహము కలదు.

ఆ పల్లె చెడ్డది కాదు, చల్లబడిపోయినది. విప్లవ కాలమున ఒక తరము పూజ లేక, పాఠము లేక పెరిగెను. గుడికి గంటగోపురము లేదు. పెద్దవారికే ప్రార్థనలు రావు. ఆదివారము నాడు బండ్లు పొలములకు పోవుచుండెను. సాయంకాలము గుడికంటె మధుశాలలు కళకళలాడుచుండెను. అంత చిన్న ఊరిలో అవి నాలుగు. అచ్చట కూలిడబ్బు కరగిపోవుచుండగా ఇండ్లలో భార్యాబిడ్డలు పస్తులుండుచుండిరి.

కొత్త గురువు చేసిన మొదటి పని ఉపన్యాసము కాదు. తెల్లవారకముందే లాంతరు పట్టుకొని గుడికి పోయి, మందసము నెదుట మోకరించి, ఊరికొరకు ప్రార్థించుట. వేకువనే పొలమునకు పోవు రైతులకు గుడి కిటికీలో ఆ వెలుతురు కనబడుచుండెను. తన నివాసములోనున్న మంచి కుర్చీలను, మంచమును అవి యిచ్చిన కోటదొరసానికి తిరిగి పంపివేసెను. వారమునకు సరిపడు బంగాళాదుంపలను ఒకేసారి ఉడికించి, కుండలో ఉంచుకొని, ఆకలియైనప్పుడు ఒకటి రెండు తినుచుండెను. వారాంతమునకు అవి బూజు పట్టినను లెక్కచేయుట లేదు.

రెండవ పని ఇంటింటికి పోవుట. మధ్యాహ్న భోజనవేళకు పోయినచో ఇంటివారందరు ఒకచోట కనబడుదురు. ఆయన భోజనమునకు కూర్చుండడు. పంట ఎట్లున్నది, ఆవు ఈనినదా, ముసలితండ్రికి దగ్గు తగ్గినదా యని అడుగును. తానును సేద్యగాని కుమారుడే గనుక ఆ ప్రశ్నలు కృతకములు కావు. మాటల నడుమ పిల్లలకు ప్రార్థన వచ్చునా యని అడుగును. విచారణ యనగా ఇదియే.

మూడవ పని పాఠము. పిల్లలను ప్రతిదినము పిలిచి సత్యోపదేశము చెప్పుచుండెను. తాను లాటిన్‌తో పడిన పాట్లు జ్ఞాపకమున్నవాడు గనుక అర్థముకాని పిల్లవానిని కసరలేదు. మరల మరల చెప్పెను. ఆదివారపు ప్రసంగములను శనివారము రాత్రి కూర్చుండి వ్రాసికొని, కంఠస్థము చేసి, గుడిలో ఎవరును లేనప్పుడు పైకి చదువుకొనుచుండెను. అయినను వేదికమీద ఒక్కొక్కసారి మాట తప్పిపోయి, ఏమి చెప్పవలెనో తోచక, దిగివచ్చుటయు కలదు. ప్రజలు నవ్వలేదు. ఆయన శ్రమ వారికి కనబడుచునే యుండెను.

నాలుగవది పోరాటము. మధుశాలలను, ఆదివారపు పనులను, రాత్రులు తెల్లవార్లు సాగు నాట్యములను ఆయన తీవ్రముగా ఖండించెను. మధుశాలలు ఒకటొకటిగా మూతపడెను. నాట్యముల విషయమున మాత్రము పదేండ్లు పట్టెను. నాట్యమునకు పోవువారికి ఆయన పాపక్షమ నిరాకరించెను. స్నాపక యోహానుగారి తల ఒక నాట్యమునకు వెలగా పోయినదని గుర్తుచేయు వాక్యమును గుడిలో ఆ పునీతుని పీఠమున్న తోరణముపై వ్రాయించెను. ఆ కాఠిన్యము ఈనాటివారికి మితిమీరినదిగా తోచవచ్చును. నాడును కొందరికి అట్లే తోచినది. యువకులు ఎదురుతిరిగిరి. ఆయన శీలముపై నీచమైన అపవాదులు పుట్టించిరి. రాత్రులు ఇంటిముందు కేకలు వేసిరి. ఊరు విడిచిపోవలెనని ఆయన తలచి, మరల ఆగిపోయెను. వయసు పెరిగినకొలది, వేలమంది దుఃఖములు విన్నకొలది, ఆయన కాఠిన్యము కరగి కరుణగా మారెనని జీవితచరిత్రకారులు ఏకగ్రీవముగా చెప్పుదురు.

ఊరు మారినది ఖండనములచేత కాదు, కలసి చేసిన పనులచేత. 1820లో గుడికి కొత్త గంటగోపురము లేచెను. తరువాత ఒకటొకటిగా ప్రక్క పీఠములు అమరెను. పురుషులకు దివ్యసత్ప్రసాద సభయు, స్త్రీలకు జపమాల సభయు ఏర్పడెను. సాయంకాలము గంట మ్రోగగానే పొలములనుండి వచ్చినవారు గుడిలో చేరి రాత్రి ప్రార్థన కలసి చెప్పుచుండిరి. 1823 ఆగస్టు 6వ తేదీన ఊరిజనములో చాలమంది, జెండాలు పట్టుకొని, రాత్రి బయలుదేరి, సోన్ నదిపై పడవలలో లియోన్ చేరి, ఫూర్వియేర్ కొండమీది మరియమాత గుడికి యాత్ర చేసిరి. దివ్యసత్ప్రసాద మహోత్సవమునాడు ఇంటింటి ముందు పూలు చల్లి, వీథులలో పీఠములు అమర్చి, ఊరేగింపు జరిపించుట ఆర్స్‌లో పెద్దపండుగ యాయెను. తన తిండికి కాసు ఖర్చుపెట్టని గురువు పూజావస్త్రములకు, పాత్రలకు మాత్రము ఎంతయైన ఖర్చుపెట్టుచుండెను. పేదల యిండ్లలో లేని అందము, పేదలందరిది యైన గుడిలోనైన ఉండవలెనని ఆయన భావము. ఒక ముసలి రైతు గడ్డపారను గుమ్మము ప్రక్కన నిలిపి, లోపలికి వచ్చి, పెదవులు కదపక చాలసేపు మందసమువైపు చూచుచు కూర్చుండుచుండెను. ఏమి చేయుచున్నావని గురువు అడుగగా, తాను దేవుని చూచుచున్నాననియు, దేవుడు తనను చూచుచున్నాడనియు ఆతడు చెప్పెను. ఆ చదువురాని రైతు మాటను గురువు తుదివరకు ఇతరులకు చెప్పుచునే యుండెను.

ఆర్స్‌లో బాలికలకు బడి లేదు. 1824లో ఆయన ఒక యిల్లు కొని, ఉచిత పాఠశాల తెరపించెను. దానికి లా ప్రొవిదాన్స్ అని, అనగా దైవపోషణమని, పేరు పెట్టెను. కాథరిన్ లాసాన్య, బెన్వాత్ లార్దే యను ఇద్దరు పల్లెయువతులు ఉపాధ్యాయినులు. వారిని ముందుగా పొరుగూరి మఠకన్యల యొద్దకు పంపి కొంత శిక్షణ యిప్పించెను. చదువు, వ్రాత, కుట్టు, అల్లిక, రొట్టెచేయుట, సత్యోపదేశము, ఇవి అచ్చటి పాఠములు. కొలదికాలమునకు అనాథ బాలికలకును అదే ఆశ్రయమాయెను. అరువదిమంది వరకు పిల్లలు అచ్చట తిని, నిద్రించి, చదువుకొనుచుండిరి. ఒకసారి అటకమీద ధాన్యము నిండుకొనగా, పిల్లలను ప్రార్థింపుమని గురువు చెప్పెననియు, మరల చూచునప్పటికి గాదె నిండియుండెననియు ఊరివారు చెప్పుకొందురు. ఆ కథ ఎట్లున్నను, ప్రతిదినము అంతమందికి రొట్టె సమకూర్చుట అంతకు తక్కువ అద్భుతము కాదు.

ఆ పాఠశాల విషయముననే ఆయన జీవితములోని పెద్ద దుఃఖము కూడ సంభవించెను. ఉపాధ్యాయినులకు తగిన శిక్షణ లేదనియు, నిర్వహణలో క్రమము లేదనియు విమర్శలు వచ్చినవి. వానిలో కొంత నిజము లేకపోలేదు. మేత్రాణులు ఆ సంస్థను మఠకన్యలకు అప్పగింపుమనిరి. 1847లో ఒడంబడిక జరిగెను. మరుసటి యేడు మఠకన్యలు వచ్చిరి. బడి మెరుగుపడినది గాని అనాథాశ్రమము ఆగిపోయెను. ఇరువది సంవత్సరములకు పైగా బిడ్డలవలె చూచుకొన్నవారు చెదరిపోయిరి. చదువు చాలదని ఒకప్పుడు తనను వెనుకకు పంపిన మాటయే, ఇప్పుడు తన పాఠశాలను కూడ వెదకికొని వచ్చెను. ఆయన వాదింపలేదు. అందులో దైవసంకల్పము తనకు కనబడలేదనియు, మేత్రాణులకు కనబడినది గనుక విధేయుడనగుదుననియు మాత్రము తెలిపెను. 1849లో బాలురకును ఒక ఉచిత పాఠశాల నెలకొల్పించెను.

ఇంతలో ఊరికి బయటివారు రాసాగిరి. 1827 ప్రాంతమున చుట్టుప్రక్కల పల్లెలనుండి ఒకరిద్దరుగా మొదలై, క్రమముగా ప్రవాహమాయెను. వారు కోరివచ్చినది పాపసంకీర్తనము. కతోలిక ఆచారమున భక్తుడు గురువు ప్రక్కన మోకరించి తన తప్పులు చెప్పుకొనును. గురువు విని, హితము చెప్పి, దేవుని పేర క్షమ ప్రకటించును. విన్నమాటను ప్రాణము పోయినను వెలిపుచ్చరాదు. వియాన్ని చెప్పు హితము చాల చిన్నది, రెండు మూడు మాటలు. పాండిత్యమునకు అందని మనస్సులోని ముడి ఆ రెండు మాటలతో విడిపోవుచుండెనని వచ్చినవారు చెప్పుకొనిరి. చెప్పకముందే తమ మనస్సు తెలిసికొనెనని ఆశ్చర్యపడినవారును కలరు. నిండు జీవితము చిన్నవారిని, పేదవారిని, ఓడినవారిని చూచిన కన్నులకు మనుష్యుల ముఖములు చదువుట కష్టము కాదు.

అర్ధరాత్రి దాటగానే ఆయన లేచి, లాంతరుతో గుడికి పోవుచుండెను. తెల్లవారువరకు స్త్రీల పాపసంకీర్తనములు, ఉదయము దివ్యబలిపూజ, పిమ్మట పురుషులు. పదునొకండు గంటలకు అందరికిని సత్యోపదేశము. మధ్యాహ్నము నిలువుకాళ్ళమీద ఇంత ఆహారము, రోగులను చూచివచ్చుట, మరల పాపసంకీర్తన పీట. రాత్రి ప్రార్థనతో దినము ముగియును. శీతకాలమున కాళ్ళు మొద్దుబారుచుండెను. వేసవిలో ఆ చెక్కగూటిలో ఊపిరాడకుండెను. దినమునకు పదునారు గంటలు ఆయన అందు గడపిన రోజులు పెక్కు. పామరులు, పండితులు, సైనికులు, మేత్రాణులు ఒకే వరుసలో దినముల తరబడి వేచియుండిరి. లియోన్ రైల్వే స్టేషనులో ఆర్స్ యాత్రికులకు ప్రత్యేకముగా టిక్కెట్ల కిటికీ ఉండెనని చెప్పుదురు. ఆయన చివరి సంవత్సరములలో ఏటికి 80,000 మంది వచ్చియుందురని అంచనా.

కీర్తితోపాటు ఈర్ష్యయు వచ్చెను. చదువురాని గురువునొద్దకు తమ ప్రజలు పోవుట చుట్టుప్రక్కల గురువులు కొందరికి గిట్టలేదు. ఆయన అజ్ఞానమును గూర్చి మేత్రాణులకు ఒక ఫిర్యాదు తయారుచేసి, చేవ్రాళ్ళకై ఊరూర త్రిప్పిరి. పొరబాటున అది వియాన్ని చేతికే వచ్చినప్పుడు, చదివి, అందు తన చేవ్రాలు కూడ చేసి పంపెనని ప్రసిద్ధి. దెవీ మేత్రాణులు మాత్రము ఆయనను చివరివరకు సమర్థించిరి. 1852లో కొత్త మేత్రాణులు గౌరవ చిహ్నముగా ఒక ఉత్తరీయము కప్పగా, ఆయన దానిని 50 ఫ్రాంకులకు అమ్మివేసి ఆ సొమ్ము దానము చేసెను. 1855లో చక్రవర్తి ప్రభుత్వము లీజియన్ ఆఫ్ ఆనర్ పతకము పంపగా, దానిని ఎన్నడును ధరింపలేదు.

ఇంతటి మనుష్యుని మనస్సులో నెమ్మదియున్నదా? లేదు. తాను ఈ పనికి తగననియు, తన అజ్ఞానమువలన ఎవరి ఆత్మయైన నష్టపడునేమో యనియు ఆయనకు నిత్యభయము. ఏదేని మఠములో మూలగదిలో కూర్చుండి తన పాపములకై ఏడ్చుకొనవలెనని ఆయన కోరిక. ఒకటికంటె ఎక్కువసార్లు ఆయన ఊరు విడిచి పోజూచెను. 1843లో తీవ్రమైన జబ్బునుండి లేచిన తరువాత, రాత్రివేళ బయలుదేరి, దార్దియీలో అన్నగారి యింటికి చేరెను. కొలది దినములకే జనము అచ్చటికిని వచ్చి చుట్టుముట్టెను. ఆయన తిరిగి ఆర్స్ చేరినప్పుడు గంటలు మ్రోగెను. ఊరు ఊరంతయు ఎదురువచ్చెను. 1853 సెప్టెంబరులో మరల ఒక రాత్రి బయలుదేరగా, సంగతి పొక్కి, ఎవరో ప్రమాద ఘంటిక మ్రోగించిరి. ఊరివారు దీపములు పట్టుకొని పరుగెత్తుకొని వచ్చిరి. యాత్రికులు దారికి అడ్డముగా మోకరించిరి. తమ మాట వినకుండ పోవలదని వేడుకొనిరి. వృద్ధగురువు కొంతసేపు నిలిచి చూచి, మౌనముగా వెనుదిరిగి, గుడిలోనికి పోయి, పాపసంకీర్తన పీటలో కూర్చుండెను. 35 సంవత్సరములు ఆయన ఊరిని విచారించెను. ఆ రాత్రి ఊరు ఆయనను విచారించినది.

1859 వేసవి చాల తీవ్రముగా ఉండెను. జూలై చివరివరకు ఆయన పీటలో కూర్చుండుట మానలేదు. 29వ తేదీ రాత్రి ఇంటికి చేరి మంచము పట్టెను. ఎండవేడిమి తగులకుండ ఊరివారు నిచ్చెనలు వేసి ఇంటి పైకప్పుమీద తడిగుడ్డలు పరచిరి. ఆగస్టు 4వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు, 73 ఏండ్ల వయసున, ప్రశాంతముగా కన్నుమూసెను. పోవుటకు ఆయన తొందరపడినప్పుడెల్ల అడ్డుపడిన ఊరు ఆనాడు గంట మ్రోగించి, మోకరించి, సాగనంపెను.

1905లో పదవ పయస్ పోపు ఆయనను ధన్యుడుగా ప్రకటించెను. 1925 మే 31వ తేదీన పదకొండవ పయస్ పోపు పునీతుడుగా ప్రకటించి, 1929లో లోకమందలి విచారణ గురువులందరికిని పాలక పునీతునిగా నియమించెను. ఆగస్టు 4వ తేదీ ఆయన పండుగ. 1862లో ఆరంభించిన కొత్త దేవాలయము పాత గుడిని కూల్చక, దానికి ఆనుకొని నిర్మింపబడినది. ఆయన కూర్చున్న చెక్కగూడు ఆ పాతగుడిలో నేటికిని కలదు. లాటిన్ రాదని ఇంటికి పంపబడిన ఆయన పేరున నేడు అమెరికాలోని డెన్వరులోను, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలోను గురువిద్యాలయములు వెలసియున్నవి.

ఆయన ఆర్స్‌లో ఉన్న కాలముననే, 1846లో, ఆ గ్రామమునకు తూర్పు దిక్కుననున్న ఆన్సీ నగరమునుండి బయలుదేరిన గురువులు విశాఖపట్టణము చేరిరి. తెలుగు పల్లెలలో నేడు ఉన్న విచారణలు ఆర్స్‌కంటె ఎన్నో రెట్లు పెద్దవి. అయినను వాని పని అదియే. గంట మ్రోగును, జనము చేరును, ఒకరి కష్టము మరియొకరు అడుగుదురు. ఆ అడుగుట ఆగిపోయిన చోట గుడి రాతికట్టడముగా మిగిలిపోవును. ఆగని చోట 230 మంది పల్లెయే లోకమునకు వాకిలి యగును.